పగడపు పియోనీ: మూడేళ్ళ ఓపిక, ముప్పై ఏళ్ళ పువ్వు



ఈ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో, ఫోను కబుర్లలో ఒక పువ్వు పేరు పదే పదే వినిపిస్తోంది. అదే పియోనీ. అందులోనూ పగడపు రంగు పియోనీ. అడిగేవాళ్ళు రెండు రకాలు. అమెరికాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న అమ్మాయిలు "ఆంటీ, దీన్ని ఎప్పుడు నాటాలి? నాటి రెండేళ్ళయినా పూయదేం?" అంటున్నారు. మన ఊళ్ళల్లో ఉన్న తల్లులు "మా అమ్మాయి ఫోటో పంపింది. అచ్చం నా నల్లపూసల్లో పగడం రంగే! గింజలు ఎక్కడ దొరుకుతాయి? మా పెరట్లో వస్తుందా?" అంటున్నారు.

ఇద్దరికీ కలిపి ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది చలిని కోరే మొక్క, కదపకుండా వదిలేయమనే మొక్క. ఆ రెండూ ఇవ్వగలిగితే దీనంత తేలికగా పెరిగే పూలమొక్క మరొకటి ఉండదు. ఇవ్వలేకపోతే మాత్రం డబ్బూ, ఆశా రెండూ పోతాయి. మేముండేది మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర. ఇక్కడి చలి ఈ మొక్కకు సరిగ్గా సరిపోతుంది కాబట్టి, మా పెరట్లో చూసిందీ, చేసిందీ వివరంగా రాస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ పువ్వు?

పియోనీ ఏటా నేలలోకి వెళ్ళి, ఏటా తిరిగి లేచే మొక్క. అక్టోబరు, నవంబరు నాటికి పైన ఆకు, కాడ అన్నీ ఎండిపోతాయి. భూమిలో దుంప వేళ్ళు మాత్రం బతికే ఉంటాయి. మంచు కరిగాక, ఏప్రిల్‌లో ఎర్రటి మొలకలు నేలను చీల్చుకుని పైకి వస్తాయి. చూడటానికి లేత తోటకూర కాడల్లా ముద్దుగా ఉంటాయి. నెల తిరిగేసరికి మూడడుగుల పొద అవుతుంది. మే నెలాఖరుకి పూత.

పువ్వు మన ముద్దమందారం కంటే పెద్దది. విచ్చుకుంటే అన్నం తినే పళ్ళెంలో సగం నిండుతుంది. మామూలు పియోనీల్లో తెలుపు, గులాబి, ఎరుపు రంగులే ఎక్కువ. పగడపు రంగు ఆ జాతిలో తనంతట తాను రాలేదు, మనుషులు తెచ్చిందే. చైనా, సైబీరియా ప్రాంతాల లాక్టిఫ్లోరా అనే జాతినీ, ఐరోపాలో బాల్కన్ కొండల ప్రాంతాల్లో పెరిగే పెరెగ్రీనా అనే ఎర్రపూల జాతినీ కలిపితే ఈ రంగు వచ్చింది. మన హైబ్రిడ్ టమాటా లాగా ఇది హైబ్రిడ్ పువ్వన్నమాట.

ఈ రంగులో పేరు మోసిన రకం కోరల్ చార్మ్. ఇలినాయ్ రాష్ట్రానికి చెందిన శామ్యూల్ విస్సింగ్ దీన్ని తయారు చేశారు. 1964లో నమోదైంది. అమెరికన్ పియోనీ సొసైటీ వారు 1986లో దీనికి బంగారు పతకం ఇచ్చారు. 1903లో పుట్టిన ఆ సంఘం పూలకు పోటీ పెట్టి పతకాలిస్తుంది. ఆ తర్వాత పింక్ హవాయియన్ కోరల్‌కి 2000లో, కోరల్ సన్‌సెట్‌కి 2003లో అదే పతకం వచ్చింది. మీరు కొనేటప్పుడు ఈ మూడు పేర్లలో ఏది దొరికినా సంతోషంగా తీసుకోవచ్చు. కాడ గట్టిగా నిలబడేదీ, ఎక్కడైనా సులువుగా దొరికేదీ మాత్రం కోరల్ చార్మే.

ఇందులో అసలు ముచ్చట రంగు మారడం. విచ్చిన రోజున చిక్కటి పగడం. మర్నాటికి కాస్త నారింజ. మూడో రోజుకి పీచు పండు లోపలి రంగు. ఆ తర్వాత వెన్న రంగు. రేకలు రాలే నాటికి దాదాపు మీగడ తెలుపు. ఒకే పొద మీద నాలుగు రోజుల తేడాతో విచ్చిన పూలుంటే, నాలుగు రకాల మొక్కలు పక్కపక్కన నాటారా అనిపిస్తుంది. మధ్యలో పసుపు కేసరాలు, తట్టలో పసుపు పోసినట్టు.

ఎవరి పెరట్లో పూస్తుంది?

పాలు తోడుకోవాలంటే వెచ్చదనం కావాలి. ఈ మొక్కలో మొగ్గ తోడుకోవాలంటే చలి కావాలి. వేరు మీద ఉండే కళ్ళు శీతాకాలమంతా చల్లటి మట్టిలో నిద్రపోవాలి. 4, 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి, మొత్తం మీద సుమారు 500 నుంచి 1000 గంటలు తగలాలి. అంటే కొన్ని వారాల పాటు రాత్రీ పగలూ చలి అన్నమాట. ఆ నిద్ర సరిపోకపోతే ఆకులైతే వస్తాయి గానీ పువ్వు రాదు.

అందుకే మిచిగన్, ఇలినాయ్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న మన అమ్మాయిలకు బెంగలేదు. ఇండియానా రాష్ట్రానికైతే 1957 నుంచీ ఇదే రాష్ట్ర పుష్పం. డల్లాస్ లాంటి చోట్ల చలి అరకొర, పైగా ఎండ తొందరగా ముదురుతుంది. అక్కడ ప్రయత్నించాలనుకుంటే పగడపు రకాలే నయం. ఇవి మిగతా పియోనీల కంటే ముందే పూస్తాయి కాబట్టి, ఎండలు మండే లోపల పూత అయిపోతుంది. హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో ఉన్నవాళ్ళు ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. హాయిగా మందారాలు వేసుకోండి, మేము వాటి కోసం మొహం వాచి ఉన్నాం!

నాటే విధానం

నాటడానికి సరైన కాలం సెప్టెంబరు, అక్టోబరు. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు వేరు భూమిలో పడాలి. వసంతంలో దుకాణాల్లో కుండీల్లో పెట్టి అమ్ముతారు. అవీ బతుకుతాయి, కానీ శరదృతువులో నాటిన వేరు నిలదొక్కుకున్నట్టు ఉండవు.

కొనేటప్పుడు వేరు మీద మూడు నుంచి ఐదు కళ్ళు ఉన్నాయేమో చూసుకోండి. కళ్ళంటే పసుపు కొమ్ము మీద మొలక వచ్చే చోట ఉబ్బెత్తుగా ఉంటుందే, అలాంటివి. ఇవి ఎర్రగా, గులాబీగా ఉంటాయి. ఒకటి, రెండు కళ్ళున్న ముక్క చవగ్గా వస్తుంది గానీ, అది పూయడానికి ఇంకా రెండేళ్ళు ఎక్కువ పడుతుంది.

చోటు ఎంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే ఈ మొక్క ఒకసారి కుదురుకుంటే మీ పిల్లల పెళ్ళిళ్ళయ్యాక కూడా అక్కడే ఉంటుంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. పెద్ద చెట్టుకి దగ్గరగా వద్దు, దాని వేళ్ళు నీరు, సారం లాగేస్తాయి. గోడకీ, మొక్కకీ మధ్య, మొక్కకీ మొక్కకీ మధ్య మూడు, నాలుగు అడుగుల ఎడం ఉంచండి. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. వానపడితే నీళ్ళు నిలిచే పల్లంలో అసలు వేయకూడదు, వేరు కుళ్ళిపోతుంది. మా దగ్గర బంకమట్టి కాబట్టి పాదుని చుట్టుపక్కల నేల కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తు చేసుకున్నాం.

అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వండి. తవ్విన మట్టిలో బాగా మాగిన ఎరువు మూడోవంతు కలపండి. పచ్చి పేడ ఎరువు వేయొద్దు. గుప్పెడు ఎముకల పొడి అడుగున చల్లుకోవచ్చు, అది పడనివాళ్ళు మానేసినా ఇబ్బంది లేదు. గొయ్యి సగం పూడ్చి, మధ్యలో మట్టిని గుట్టలా చేసి, దాని మీద వేరుని కళ్ళు పైకి ఉండేలా కూర్చోబెట్టండి.

ఇక్కడే కొలత జాగ్రత్తగా చూసుకోవాలి. కళ్ళ మీద పడే మట్టి ఒక అంగుళం నుంచి రెండు అంగుళాలే ఉండాలి. అంతకు మించకూడదు. వెచ్చటి ప్రాంతాల్లో అయితే ఒక అంగుళం చాలు. "పాపం చలికి గడ్డకట్టిపోతుందేమో" అని జాలిపడి లోతుగా పాతితే ఏళ్ళ తరబడి పచ్చగా ఆకులు వేస్తుంది తప్ప ఒక్క పువ్వూ పూయదు. "మా మొక్క బాగా పెరిగింది, పూయదేం?" అన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే. ఇంకో సంగతి. ఇక్కడ ప్రతి వసంతంలో పూలపాదుల మీద చెక్కపొట్టు పరిపిస్తారు. ఏటా రెండేసి అంగుళాలు మొక్క మొదట్లో పేరుకుంటే, సరిగ్గా నాటిన వేరు కూడా లోతులో పడ్డట్టే. తోటపని వాళ్ళకి ఆ ఒక్క పాదు వదిలేయమని చెప్పండి.

నాటాక ఒకసారి నిండుగా నీళ్ళు పోయండి. తర్వాత వారానికోసారి చాలు, నేల గడ్డకట్టే దాకా.

మూడేళ్ళ ఓపిక

ఇక్కడి తోటమాలులు ఈ మొక్క గురించి చెప్పే లెక్క ఒకటుంది. మొదటి ఏడు నిద్ర, రెండో ఏడు పాకడం, మూడో ఏడు పరుగు. అక్షరాలా నిజం.

మా పెరట్లో మొక్కని మా అత్తగారు నాటారు. 2018లో ఏప్రిల్‌లో వచ్చి, అక్టోబరు మొదటి వారంలో తెనాలి తిరిగి వెళ్ళారు. వెళ్ళడానికి పది రోజుల ముందు వేరు పోస్టులో వచ్చింది. దుగ్గిరాల పసుపు చేలు చూసి పెరిగిన మనిషి. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "దీనికీ కళ్ళున్నాయే" అని నవ్వి, కొలత నేను చెప్పేలోపే గొయ్యి దగ్గర కూర్చున్నారు.

2019లో మూడు మొలకలు వచ్చాయి. ఒక కాడకి బఠాణీ గింజంత మొగ్గ కనబడితే గిల్లేశాం. మొదటి ఏడు మొగ్గ గిల్లితే ఆ బలం వేరుకి పోతుంది. ఆవిడకి ఫోనులో చెబితే, "మొదటి కాన్పుకి పుట్టింటికి పంపినట్టు దాన్ని వేరు దగ్గరికే పంపారన్నమాట" అన్నారు. 2020 మేలో రెండు పూలు పూశాయి. ఆ వసంతంలోనే ఆవిడ రావాల్సింది. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. ఫోనులోనే చూపించాం. 2021లో ఐదు పూశాయి. ఆ మే నెలలో మన దగ్గర రెండో విడత ఉధృతంగా ఉంది, ఇక్కడివాళ్ళు రాకపోకల మీద ఆంక్షలు పెట్టారు. మళ్ళీ ఫోనులోనే. "రంగు మారుతుందంటున్నావు, ఫోనులో తేడా తెలియట్లేదమ్మాయ్" అని ఆవిడ బాధ.

2022 ఏప్రిల్ నెలాఖరుకి వచ్చారు. ఆ ఏడు పదకొండు పూలు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి పొద పక్కన నిలబడి, ఏ పువ్వు ఎంత వెలిసిందో నాకు లెక్క చెప్పేవారు. "ఇది కొత్తకోడలి లాంటిదే. ఇల్లు అలవాటయ్యే దాకా మూడేళ్ళు నోరు విప్పలేదు" అన్నది ఆవిడ తీర్పు.

ఇది ఎందుకు రాశానంటే, రెండో ఏడు పూయలేదని చాలామంది తవ్వి వేరే చోట పెడుతున్నారు. అలా కదిపితే లెక్క మళ్ళీ మొదటి ఏటి నుంచి మొదలవుతుంది. చోటు మంచిదైతే కదపకండి. మీ అమ్మగారో, అత్తగారో ఆరు నెలలకి వచ్చి అక్టోబరులో వెళ్తుంటే, వెళ్ళే ముందు వాళ్ళ చేతే నాటించండి. నాటే కాలమూ అదే, వాళ్ళు మూటాముల్లె సర్దుకునే కాలమూ అదే. ఇంటికి వెళ్ళాక "మొలక వచ్చిందా?" అని అడగడానికి వాళ్ళకొకటి ఉంటుంది, చెప్పడానికి మీకొకటి ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు సొంత ఇంటికి మారేదాకా ఆగడమే మంచిది. ఆగలేమంటే అడుగున్నర వెడల్పుకి తగ్గని కుండీలో పెట్టుకోండి. పూలు తక్కువే వస్తాయి.

చీమలూ, బూజూ

మొగ్గ గోళీకాయంత అయ్యేసరికి దాని మీద చీమలు పాకుతాయి. చూడగానే మందు సీసా అందుకుంటారు మనవాళ్ళు. వద్దు. మొగ్గ మీద తేనెలాంటి తీపి ఊరుతుంది, చీమలు దానికోసం వస్తాయి. మొక్కకి ఏ హానీ చేయవు. చీమలు నాకితే గానీ మొగ్గ విచ్చుకోదని కూడా ఇక్కడ చెబుతుంటారు, అదీ నిజం కాదు. వాటి దారిన వాటిని పోనివ్వండి. పువ్వు కోసి ఇంట్లోకి తెచ్చేటప్పుడు తలకిందులుగా పట్టి నాలుగుసార్లు విదిలిస్తే చాలు.

జాగ్రత్తపడాల్సింది బూజుకి. బోట్రైటిస్ అనే బూజు తెగులు వస్తే చిన్న మొగ్గలు నల్లబడి ఎండిపోతాయి, లేత కాడలు మొదట్లో కుళ్ళి వాలిపోతాయి, తడిగా ఉన్నప్పుడు బూడిద రంగు బూజు కనబడుతుంది. ముసురు పట్టిన వసంతంలో ఎక్కువ. కనబడిన భాగాన్ని వెంటనే కత్తిరించి చెత్తబుట్టలో వేయండి, ఎరువు కుప్పలో వేయొద్దు. నీళ్ళు ఆకుల మీద కాక మొదట్లో పోయండి. పచ్చిక తడిపే స్ప్రింక్లర్ రోజూ ఈ పొదని తడుపుతుంటే దాని దిక్కు మార్చండి.

ఎరువు ఏడాదికి ఒకసారి, పూత అయ్యాక, మొదలుకి జానెడు దూరంలో వేస్తే సరిపోతుంది. నత్రజని ఎక్కువున్న ఎరువు, ముఖ్యంగా పచ్చికకి చల్లేది, దీని దగ్గరికి రానివ్వకండి. ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు తగ్గుతుంది. ఇక్కడ జింకలు, కుందేళ్ళు గులాబీలు, తులిప్ పూలు మేసేసిపోతాయి. ఈ మొక్కని మాత్రం పెద్దగా ముట్టుకోవు. మన దగ్గర ఇల్లు మేకలున్న వీధిలో ఉంటే ఏ మొక్క నిలుస్తుందని చూసుకుంటామో, ఇక్కడ జింకలతో అదే లెక్క. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే మాత్రం నమలకుండా చూసుకోండి, వాంతులవుతాయి.

కోయడం, జాడీలో పెట్టడం

మొదటి రెండేళ్ళు పువ్వు కోయకండి, చెట్టు మీదే చూసుకోండి. ఆ తర్వాత కూడా పొద మీద ఉన్న పూలకాడల్లో మూడోవంతు మించి కోయొద్దు. కోసిన కాడ మొదట్లో కనీసం రెండు ఆకులైనా పొద మీద మిగలాలి. వచ్చే ఏడు పువ్వుకి అన్నం వండేది ఈ ఏటి ఆకే.

ఎప్పుడు కోయాలో తెలుసుకోవడం తేలిక. మొగ్గని వేళ్ళతో మెల్లగా నొక్కండి. గోళీలా గట్టిగా ఉంటే కోయకూడదు, కోసినా విచ్చుకోదు. నానిన చపాతీ పిండి ముద్దలా మెత్తగా తగిలి, పగడపు రంగు బయటికి కనబడుతుంటే అదే సమయం. పొద్దున్నే కోసి జాడీలో పెడితే ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటుంది. ఐదారు రోజులు రంగులు మారుస్తూ ఉంటుంది.

మే నెలాఖరులో పూసిన పువ్వు జూన్ రెండో వారంలో మీ ఇంటి పేరంటానికి కావాలా? మెత్తబడిన మొగ్గలు కోసి, కింది ఆకులు తీసేసి, తడి లేకుండా పాత పేపరులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి. రెండు, మూడు వారాలు ఉంటాయి. ఆ అరలో ఆపిల్, అరటి పళ్ళు ఉండకూడదు, పండే పళ్ళ నుంచి వచ్చే వాయువు పూలని పాడుచేస్తుంది. తీశాక కాడ చివర అంగుళం కత్తిరించి గోరువెచ్చటి నీళ్ళలో పెడితే లేచి విచ్చుకుంటాయి.

జడలో పెట్టుకునే పువ్వు కాదిది. బరువు, రేకలు రాలిపోతాయి. దేవుడి గదిలో ఇత్తడి చెంబులో ఒక్క పువ్వు పెడితే చాలు, గది నిండుతుంది.

పూత అయ్యాక

వాడిన పువ్వు తలని తుంచేయండి, గింజ కట్టనివ్వొద్దు. ఆకుల్ని మాత్రం ముట్టుకోకండి. పగడపు రకాలు ముందు పూసినట్టే ముందు ఎండుతాయి కూడా. ఆగస్టులోనే ఆకు పసుపెక్కితే మొక్క చచ్చిపోతోందని కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి, అది దాని నిద్ర వేళ. పూర్తిగా ఎండాక, మొదలు కంటా కోసి ఆకంతా ఏరి పారేయండి. బూజు తెగులు ఆ ఎండాకులోనే చలికాలం దాక్కుంటుంది.

స్నేహితురాలికి పిలక ఇవ్వాలంటే నాలుగైదేళ్ళ తర్వాత, సెప్టెంబరులో తవ్వి, ముక్కకి మూడు నుంచి ఐదు కళ్ళు ఉండేలా పదునైన కత్తితో కోసి ఇవ్వండి. అవసరం లేకపోతే అసలు తవ్వక్కర్లేదు. యాభై ఏళ్ళకి పైగా ఒకే చోట పూసే మొక్క ఇది. మాకు దగ్గర్లో ఆన్ ఆర్బర్ ఊళ్ళో మిచిగన్ విశ్వవిద్యాలయం వారి నికల్స్ ఆర్బరేటంలో పియోనీ తోట ఉంది. 1922లో డాక్టర్ అప్‌జాన్ అనే ఆయన ఇచ్చిన మొక్కలతో మొదలై, 1927లో జనానికి తెరిచారు. జూన్ మొదట్లో పూత నిండుగా ఉన్నప్పుడు దాదాపు పదివేల పూలు. ఇచ్చినాయన ఏనాడో పోయారు. పూలు మాత్రం ఏటా జనం చూస్తూనే ఉన్నారు. ఆ కాలంలో మీ అమ్మానాన్నలు వస్తే తప్పక తీసుకెళ్ళండి.

మన ఊళ్ళో ఉన్నవారికి

ఇప్పుడు విజయవాడ, వరంగల్, రాజమండ్రి సోదరీమణులు. నిరుత్సాహపరచాలని కాదు గానీ నిజం చెప్పాలి. మన మైదానాల్లో ఈ మొక్క పూయదు. "లంబసింగిలో చలి పడుతుంది కదా?" అని ఒకామె అడిగారు. కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్ళినా పగలు ఎండ కాస్తుంది, ఆ చలి చాలదు. "కుండీని ఫ్రిజ్‌లో పెడితే?" అన్నారు ఇంకొకరు. మూడు నెలలు ఫ్రిజ్ అర ఖాళీ చేసి పెట్టినా, బయటికి తీశాక మన మార్చి, ఏప్రిల్ ఎండకి మొలక వాడిపోతుంది.

అందుకని, ఫోనులో కనబడే "పియోనీ గింజలు, వంద రూపాయలకి వంద" ప్రకటనలకి డబ్బు పంపకండి. మూడు గుర్తులు చెబుతాను. ఒకటి, నీలం రంగు పియోనీ బొమ్మ వేశారంటే అది మోసమే, నీలం పియోనీ లోకంలో లేదు. రెండు, అసలు గింజ నల్లగా, బఠాణీ అంత ఉంటుంది. ఆవగింజల్లాంటివి పంపితే అది ఏదో వేరే మొక్క. మూడు, హైబ్రిడ్ పువ్వు గింజ నుంచి అదే పువ్వు రాదు. పైగా చలిదేశంలో కూడా గింజ నాటితే పువ్వుకి నాలుగైదేళ్ళు పడుతుంది. కోరల్ చార్మ్ కావాలంటే దాని వేరు ముక్క తప్ప వేరే దారి లేదు.

అమ్మాయి సూట్‌కేసులో ఒక వేరు పడేసుకుని రమ్మనడం కూడా సరికాదు. మొక్కలు, వేళ్ళు దేశంలోకి తేవాలంటే ముందుగా అనుమతి, అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మట్టితో పాటు వచ్చే పురుగు, తెగులు మన పంటలకి అంటుకుంటే నష్టం అందరిదీ.

మన దేశంలో పియోనీ అసలే లేదనుకోకండి. కాశ్మీరు, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో తెల్లటి పూల హిమాలయ పియోనీ అడవిలో తనంతట తానే పూస్తుంది. యునానీ వైద్యంలో ఊద్ సలీబ్ అనే పేరుతో వాడేది ఈ జాతి వేరే. మే నెలలో ఆ కొండలకి యాత్ర వెళ్తే కళ్ళారా చూడొచ్చు.

పగడపు రంగే ముచ్చటైతే, మన పెరట్లో దానికి లోటేముంది? కనకాంబరం ఉంది. నూరు వరహాలు ఉన్నాయి. పీచు రంగు ముద్దగన్నేరు ఉంది. వీటికి మంచు అక్కర్లేదు, మూడేళ్ళూ అక్కర్లేదు. మా అమ్మాయిలు ఇక్కడ కనకాంబరాన్ని ఇంట్లో కిటికీ పక్కన కుండీలో పెట్టి, చలికాలమంతా పసిబిడ్డలా సాకుతారు. మీరు అక్కడ ముంగిట్లో తెంపి మాల కట్టుకుంటున్నారు. ఎక్కడి పువ్వు అక్కడ అందం.

గుర్తుంచుకోవాల్సినవి

* నాటే కాలం: సెప్టెంబరు, అక్టోబరు. వేరుకి మూడు నుంచి ఐదు కళ్ళు.
* కళ్ళ మీద మట్టి ఒకటి, రెండు అంగుళాలే. చెక్కపొట్టు మొదట్లో పేర్చొద్దు.
* ఎండ ఆరు గంటలు. నీరు నిలవకూడదు. ఎడం మూడు, నాలుగు అడుగులు.
* మొదటి ఏడు మొగ్గ గిల్లాలి. మొదటి రెండేళ్ళు పువ్వు కోయకూడదు.
* చీమలకి మందు కొట్టొద్దు. బూజు పట్టిన మొగ్గని మాత్రం వెంటనే తీసేయాలి.
* పూయలేదని తవ్వి చోటు మార్చొద్దు.

ఇది చదివేసరికి మీ దగ్గర ఏ కాలం నడుస్తోందో చూసుకోండి. శరదృతువైతే ఈ ఆదివారమే గొయ్యి తవ్వండి. వసంతమైతే చోటు చూసిపెట్టుకుని, ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుందో నాలుగు రోజులు గమనించి, ఒక పుల్ల గుచ్చి ఉంచండి. చోటు కుదిరితే సగం పని అయినట్టే.

వచ్చే వారం, కరివేపాకు మొక్కని చలిదేశంలో ఇంటి లోపల బతికించుకోవడం ఎలాగో చూద్దాం. అంతవరకూ సెలవు.